బోరు మూత కింద

"ఏటి, దొరికిందా?" అన్నాను ఫోన్లో.

"దొరికింది. ఇంటికొచ్చి సెప్తాను. ఇక్కడ సెప్పే మాట కాదిది."

"వచ్చేటప్పుడు పచ్చిమిరపకాయలు తే."

"ఊఁ" అన్నాడు.

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇదే. ఇందా అనే పేటలో ఒక ఇంటి బోరు నీళ్ళు కంపు కొడుతున్నాయంటే చూడడానికి వెళ్ళాడు. పని చూసుకుని వస్తూ బస్సులు ఆగే చోట టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడట. టీ గ్లాసు అందించేలోపే ఒరిగిపోయాడట. గుండె ఆగిపోయింది. ఆ కొట్టు నడిపే బెంగాలీ దాదా ఆయన ఫోన్లో ఆఖరి నంబరు నొక్కితే నాకు వచ్చింది. "బౌదీ, మిస్త్రీ పోడే గేఛే" అన్నాడు. వదినా, మిస్త్రీ పడిపోయాడూ అని. కాలు జారి పడ్డాడనుకున్నాను నేను. "ఎవరి చేతనైనా కట్టు కట్టించండి దాదా, వస్తన్నాను" అన్నాను. చచ్చిపోయిన మనిషికి కట్టు కట్టించమన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోరు నేనే మూసుకుంటాను.

ఆయనకి ఏదో దొరికింది. అదేమిటో చెప్పకుండానే పోయాడు. ఆ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఆ నీళ్ళే తాగుతోంది.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. వాళ్ళ కోసం నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు జ్యోతి రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, మోటారు మీద అంకెలు చదవడం వచ్చు. అంతే.

మా పని

మా మామగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఆయనకి రైల్వే ఉద్యోగం రాలేదు. ఒక బెంగాలీ కంట్రాక్టరు దగ్గర బోర్లు దింపే పనిలో చేరాడు. తర్వాత బోర్లు వేసే, పాడైనవి బాగుచేసే పని సొంతంగా పెట్టుకున్నాడు. పైపులు పైకి లాగేటప్పుడు అవతల పట్టుకోవడానికి మనిషి కావాలి. కూలివాడు ఒకరోజు వస్తే మర్నాడు రాడు. దాంతో నేనే పట్టుకున్నాను, ఇక వదల్లేదు. చీర దోపుకుని పైపు పట్టుకున్న ఆడదాన్ని చూసి వీధిలోవాళ్ళు "మిస్త్రీ, బౌదీకేఓ నామియే దేబే నాకి?" అని నవ్వేవారు. బౌదీని కూడా బోరులో దింపేస్తావా అని. "తను దిగితే నన్ను పైకి లాగేవాల్లెవరు?" అనేవాడు ఆయన.

రైల్వే క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ నీళ్ళు రైల్వేవాళ్ళే ఇస్తారు. ఇస్తే పట్టుకోవాలి, ఇవ్వకపోతే లైన్లో నిలబడాలి. రిటైరయ్యాక బయట ఇల్లు కట్టుకుని బోరు వేయించుకుంటారు. బతుకులో మొదటిసారి నీళ్ళు తమవి అవుతాయి. ఆ బోరు మీద వాళ్ళకుండే మమకారం చూస్తేగానీ నమ్మలేరు. నీళ్ళు బాగాలేవంటే కన్నబిడ్డని ఎవరో తిట్టినట్టు ముఖం పెడతారు. అందుకే నిజం ఒకపట్టాన చెప్పరు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

ఎవరైనా పిలిస్తే వెళ్ళగానే పానా తీయకండి. అడగండి. ఎప్పటి నుంచి? ఎప్పుడెప్పుడు? వానలకా, ఎండలకా? మోటారు వేయగానేనా, కాసేపయ్యాకా? తర్వాత బోరు దగ్గర ఒక సీసా, ట్యాపు దగ్గర ఒక సీసా పట్టండి. బోరు దగ్గర బాగుండి ట్యాపులో కంపు కొడితే బోరుని తిట్టకుండా మేడెక్కి ట్యాంకు మూత తీయండి. ఎన్ని బల్లుల్ని తీశామో, ఎన్ని పావురాల్ని తీశామో.

ఇక్కడ ఎర్రనేల, నీళ్ళలో ఇనుము. పట్టినప్పుడు అద్దంలా ఉంటాయి, తెల్లారేసరికి అడుగున తుప్పు పేరుతుంది. జామాకు నలిపి గ్లాసులో వేస్తే నీళ్ళు నల్లబడతాయి. దానికి బెదిరిపోనక్కర్లేదు, వడకట్టుకునే మార్గం ఉంది. కంటికి కనపడనిదానికే భయపడాలి.

కంట్రాక్టరు దాదా గురించి కూడా చెప్పాలి. ఆయనకి నీళ్ళు పడితే చాలు, పని అయిపోయినట్టే. బోరు గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటుతో మూయాలి. ఆయన మట్టి కప్పించేసేవాడు. "మాటిర్ నీచే కే దేఖ్‌బే?" అనేవాడు. మట్టి కింద ఎవడు చూస్తాడని. వానాకాలం వచ్చేసరికి కాలవ నీళ్ళు ఆ ఖాళీలోంచి తిన్నగా బోరులోకి దిగేవి. మనిషి మంచివాడే. దుర్గాపూజకి మా అందరికీ కొత్త బట్టలు పెట్టేవాడు. పని మాత్రం దొంగపని. మంచివాడు కదా అని అతని దగ్గర దొంగపని నేర్చుకోకండి.

గడప మీద పసుపు

సొంతంగా పని పెట్టుకున్నాక మేం సిమెంటు పోయకుండా బోరు వదల్లేదు. దాంతోనే ఒకసారి తన్నులు తినబోయాం.

నిమ్‌పురా అవతల ఒక తెలుగువాళ్ళ ఇంట్లో గృహప్రవేశం. బోరు అప్పుడే వేసి సిమెంటు పోశాం. ఆ ఇంటావిడ కొత్త బోరు నీళ్ళతో పసుపు కలిపి గడపకి రాసింది. రాసిన పసుపు రాసినట్టే ఎర్రబడిపోయింది. పురోహితుడు మంత్రం ఆపేశాడు. "ఓలమ్మా, గడప రగతం కక్కుతంది!" అని ఎవరో అరిచారు. మనిషిని పంపి మమ్మల్ని పిలిపించారు. 

నేను ఆ నీళ్ళలో వేళ్ళు పెట్టి రాసి చూశాను. సబ్బునీళ్ళలా జారుతున్నాయి. చీర మీద పడ్డ పసుపు మరకకి సబ్బు రాస్తే ఎర్రబడుతుంది కదా, రోజూ ఉతికేవాళ్ళం మనకి తెలియదా? సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. దాని సున్నం నీళ్ళలోకి దిగింది. "రగతం కాదమ్మా, సిమెంటు" అన్నాను.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని "అయితే నా గడపకి సిమెంటుతో పూజ సేయించినావేటయ్యా?" అని మా ఆయన మీద విరుచుకుపడింది. అందరూ నవ్వారు, గండం గడిచింది. సిమెంటు బాగా గట్టిపడ్డాక నీళ్ళు బాగా తోడి పారబోశాం. పసుపు పసుపుగానే నిలిచింది. అప్పటి నుంచి కొత్త బోరు నీళ్ళు పూజకి వాడొద్దని ముందే చెప్పేవాళ్ళం.

నాలుక

మా ఆయనకి నాలుక మీద గొప్ప నమ్మకం. ఎవరింటికెళ్ళినా దోసిట పట్టి తాగి చూసేవాడు. ఉప్పో ఇనుమో ఇట్టే చెప్పేసేవాడు. ఒకచోట తాగి "కొబ్బరినీల్లు" అని మెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అందరికీ విరేచనాలు. వాళ్ళు సీసా పరీక్షకి పంపిస్తే నీళ్ళలో మరుగుదొడ్డి మురుగు కలిసిందని వచ్చింది. సెప్టిక్ ట్యాంకు బోరుని ఆనుకునే ఉంది. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. "నా నాలిక మోసం సేసిందే" అన్నాడు.

నాలుకది తప్పు కాదు. రోగానికి రుచి లేదు. మరిగించి ఆరబెట్టిన సీసాలో పట్టి పరీక్షకి పంపించండి. ఆ పరీక్ష చేసేవాళ్ళు మనకంటే ఎక్కువ చూస్తారు. అందులో మనకి చిన్నతనం లేదు.

కాకి

ఇంక ఇందా బోరు సంగతికి వస్తాను.

ఆయన పోయిన పదో రోజు కాసాయి నది ఒడ్డున పిండాలు పెట్టారు. అన్నంలో నల్ల నువ్వులు కలిపి ముద్దలు చేసి ఆకులో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో తీరలేదని అర్థం. కాకి రాలేదు. చెట్టు మీద కూర్చుని ముక్కు రుద్దుకుంటోంది.

మా తమ్ముడు చేతులు జోడించి "బావా, అప్పని నాను సూసుకుంతాను, నీకు బెంగొద్దు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. కాకి దిగలేదు. మరిది "అన్నయ్యా, నీ పనిముట్లు ఎవరికీ ఇవ్వం" అన్నాడు. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ ఇందా బోరు సంగతి నాను సూస్తాను. దిగు" అన్నాను.

దిగింది. ఆకలేసి దిగిందేమో, ఎవరికి తెలుసు? నేను మాత్రం అందరి ఎదటా మాటిచ్చేశాను.

మాట ఇచ్చినంత తేలిక కాదు వెళ్ళడం. మైలలో ఉన్నదానివి, గడప దాటితే జనం ఏమంటారని మావాళ్ళు కదలనివ్వలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆయన గొంతే వినపడేది. దొరికింది, దొరికింది అని. ఏం దొరికింది?

అమావాస్య వెళ్ళాక ఆ ఇంటి కుర్రాడు రమేష్ ఫోన్ చేశాడు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పనిచేస్తాడు. "పిన్నీ, వాసన మల్లీ వచ్చింది. వేరే మిస్త్రీ బ్లీచింగు వేసి ఎల్లినాడు, తగ్గనేదు. మిఠుకి జరం, వాంతులు. కడుపులో బిడ్డకి ముప్పంతన్నాడు డాక్టరు. నీల్లే అంతన్నాడు" అని ఏడ్చాడు. మిఠు అతని భార్య. బెంగాలీ పిల్ల, పెళ్ళయ్యాక మన మాట నేర్చుకుంది. పిన్నీ బాబాయీ అనడానికి మాత్రం నన్ను మాశీ అని, మా ఆయన్ని కాకూ అని పిలుస్తుంది.

చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. మా తమ్ముడు "అప్పా, జనం..." అన్నాడు. "జనం వచ్చి నీల్లు బాగుసేస్తారేటి?" అన్నాను.

ఇందా ఇల్లు

గేటు దగ్గరే ఆపేసింది నారాయణమ్మ. రమేష్ తల్లి, నాకంటే పెద్దది. ఆ ఏడే భర్త పోయాడు.

"అక్కడే ఆగు సత్తెమ్మా. కడుపుతో ఉన్న గుంటుంది ఇంట్లో. నీ మొకం ఇప్పుడు సూడకూడదు."

"అయితే నీ కోడల్ని మొకం తిప్పుకోమను అప్పా. నాను మొకం సూపించడానికి రానేదు, బోరు సూడ్డానికొచ్చినాను."

లోపల మంచం మీంచి మిఠు "మాశీ, లోపలికి రా" అని పిలిచింది. ముఖం పీక్కుపోయి ఉంది. మంచం పక్కనే కూర్చుని మొదటి ప్రశ్న అడిగాను. ఎప్పుడొస్తుంది వాసన?

"అమావాస్య అయినాక వస్తాది మాశీ. మెల్లగా పోతాది. మళ్ళీ అమావాస్యకి వస్తాది. నేను క్యాలెండర్ చూసినాను. మిస్త్రీ కాకూకి కూడా చెప్పినాను."

"విని ఏం సేసినాడు?"

"బోరు మూత తీసినాడు. చాలాసేపు అట్లాగే కూచున్నాడు. తర్వాత అత్తమ్మని పిలిచి పెరట్లో మాట్లాడినాడు. నాకు మాత్రం, నేను మళ్ళీ వచ్చేదాకా ఈ నీళ్ళు ముట్టొద్దు అన్నాడు. కాకూ రాలేదు కదా. వాసన పోయింది, బాగైపోయింది అనుకున్నాం. మళ్ళీ తాగినాం."

వాసన పోవడం అంటే బాగుపడడం కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఆ పిల్ల మంచం పట్టింది.

పెరట్లోకి వెళ్ళాను. ఆయన పనిముట్ల సంచి బోరు పక్క గోడకి తగిలించి అలాగే ఉంది. దాన్ని చూడకుండా ఉండడానికి గోడకి వీపు పెట్టి కూర్చుని ఆలోచించాను. వానకి చెడితే పైనీళ్ళు దిగుతున్నట్టు. మోటారు వేసినప్పుడే చెడితే అడుగున ఏదో ఉన్నట్టు. అమావాస్యకి చెడడం ఏమిటి? నేలకి తిథులు తెలియవు. తిథులు తెలిసింది మనుషులకే.

బోరు మూతకి రెండు బోల్టులు లేవు. తోస్తే పక్కకి జరిగింది. లోపల గొట్టం అంచు కింద చెయ్యి పెట్టి తడిమాను. జిగురుగా తగిలింది. చెయ్యి బయటికి తీసి వెలుతురులో చూసుకున్నాను. కుళ్ళిన మెతుకులు. మెతుకులతో పాటు నల్ల నువ్వులు.

 కాసాయి ఒడ్డున ఈ చేత్తోనే కదా కలిపాను నువ్వులన్నం. అది ఏ అన్నమో ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

రెండు ముద్దలు

"అప్పా, ఇలగ రా" అన్నాను. నారాయణమ్మ వచ్చింది. నా చెయ్యి చూసింది. గోడకి ఆనుకుని కిందకి జారిపోయింది.

"మా ఆయనకి కాకి ముట్టనేదు సత్తెమ్మా. ముట్టకపోతే నీల్లలో కలిపీమన్నాడు పంతులు. ఏ నీల్లు? సెరువులో కలపమన్నాడు. మా ఆయన సెరువు నీల్లకి ఏడిసినాడేటి? బతికినన్నాల్లూ క్వార్టర్లో డ్రమ్ము పట్టుకుని లైన్లో నిలబడినాడు. రిటైరై ఈ బోరేయించుకుని, తనివితీరా తాగకుండానే పోనాడు. ఆయనకేటి తీరనేదో నాకు తెల్దా? అందుకే అమావాసకి అమావాసకి ఆయన బువ్వ ఆయనకేస్తన్నాను."

"మా ఆయనకి సెప్పినావా ఇది?"

"సెప్పినాను. ఆయన కోప్పడనేదు. 'ఇంకెయ్యకు తల్లీ, ఆ గుంట తాగే నీల్లివి' అన్నాడు. 'నీ కొడుక్కి సెప్పను, కోడలికి సెప్పను. మా ఇంటిదానికొక్కదానికే సెప్తాను. నీతో ఎలగ మాటాడాలో దానికయితే తెలుస్తాది' అన్నాడు. అలగని ఎల్లినాడు. ఎల్లి సచ్చిపోనాడు."

ఆయన ఇంటికొచ్చి చెబుతానన్న మాట అది.

"మరి మానీకుండా మల్లీ ఎందుకేసినావు?"

నారాయణమ్మ నా వైపు చూడలేదు. "బోరులో ఉన్నాయనకి కోపమొచ్చిందనుకున్నాను. నాను సెప్పీసినందుకే మీ ఆయన్ని తీసికెల్లిపోనాడనుకున్నాను. అందుకే ఈ అమావాసకి రెండు ముద్దలేసినాను. ఒకటి మా ఆయనకి. ఒకటి మీ ఆయనకి."

ఎన్నో చచ్చినవాటిని బోర్లలోంచి తీశాను. ఎలకలు, పాములు. ఏనాడూ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆరోజు నా చెయ్యి నాది కానట్టు దూరంగా పట్టుకుని కూర్చున్నాను. నా మొగుడి పేరు మీద వేసిన అన్నం అందులో ఉంది. ఆ నీళ్ళే ఆ పిల్ల కడుపులోకి వెళ్ళాయి. ఎన్నడూ ఒకరికి చెడ్డనీళ్ళు తాగించని మనిషి పేరు మీద. అరవాలనిపించింది. తిట్టాలనిపించింది. 

లోపల మిఠు మళ్ళీ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడుకి తెలివొచ్చింది నాకు.

"లే అప్పా" అన్నాను. "మా ఆయనకేసింది నాను తీస్తాను. మీ ఆయనకేసింది నువ్వు తియ్యి. అవతల పైపు పట్టుకో."

"ఆయనకి బువ్వో మరి?"

"ఆయనకి కావల్సింది బువ్వా, ఈ నీల్లా?"

బోరు మూత వైపు చూసింది నారాయణమ్మ.

"నీల్లే కదా? అయితే పైకి తోడి గోడ మీద పెట్టు, కాకి తాగుతాది. బువ్వ కిందకెందుకు? నీ మనవడు పుట్టి ఈ నీల్లే తాగాలని కదా ఆయన బోరేయించినాడు."

 నారాయణమ్మ లేచి చెంగు నడుముకి చుట్టుకుంది. ఆయన సంచిలోంచి ఆయన పానా తీశాను. ఆవిడా నేనూ, ఇద్దరు ముండమోపులం, ఒకరికెదురుగా ఒకరం పైపు పట్టుకున్నాం. రమేష్‌ని, ఇంకో ఇద్దరు కూలీల్ని పిలిచి మోటారు పైకి లాగాం.

మిగిలింది మామూలు పనే, అయినా చెబుతాను. మిఠుని ఆరోజే పుట్టింటికి పంపించేశాం. కంప్రెసరు పెట్టి అడుగు నుంచి గాలి కొట్టించి లోపలున్నదంతా కక్కించాం. బ్లీచింగు కలిపి పోసి నిలవ ఉంచాం, ఘాటు పోయేదాకా తోడి పారబోశాం. పరీక్షకి పంపిస్తే బాగాలేదని వచ్చింది. అయిపోయిందనుకోలేదు, మళ్ళీ మొదటి నుంచి చేశాం. రెండోసారి బాగుందని వచ్చింది. కొత్త మూత వేసి బోల్టులు బిగించి, పానా లేకుండా రాకుండా చేశాను. కొడుక్కి మూత వదులై చెత్త పడిందని చెప్పాను. మా ఆయన ఇచ్చిన మాట నేను తప్పలేను కదా. నారాయణమ్మ కన్నుమూసే ముందు తనే కొడుక్కీ కోడలికీ చెప్పుకుంది, నన్ను కూడా నలుగురికీ చెప్పమంది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. మిఠు తేరుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఆ నీళ్ళే తాగి పెరుగుతోంది.

పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. ఆ రెండో మిస్త్రీ వేసిన బ్లీచింగు తప్పు కాదు. అది లోపల ఉన్నదాన్ని చంపుతుంది, రేపు ఎవరో వేయబోయేదాన్ని ఆపలేదు. బోరు మూత ఎవరు తీస్తారో అడగండి. అందరి ముందూ అడిగితే చెప్పరు. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని, కోప్పడకుండా అడగండి. మా ఆయన అలాగే అడిగాడు. మీలో ఎవరికైనా అలాంటి మాట దొరికితే ఇంటికెళ్ళి చెబుదామని దాచుకోకండి. ఆ మాట ఎవరి చెవినెయ్యాలో వాళ్ళకి అప్పుడే ఫోన్లో చెప్పేయండి.

పచ్చిమిరపకాయలు తెచ్చాడు ఆయన. టీ కొట్టు దాదా పొట్లం నా చేతిలో పెట్టాడు, కాగితం కూడా చిరగలేదు. మాట ఒక్కటే తేలేకపోయాడు. దాన్ని నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

రాశావా జ్యోతీ? మిరపకాయల సంగతి వదిలేయలేదు కదా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన "ఊఁ" అన్నాడే, అక్కడ కాసేపు ఆగి, తర్వాత చదువు.